అలకమ్మ నేలంటు

నేను నర్సరీలో అంట్లు కట్టే మనిషిని. ముప్పై ఏళ్లు దాటిన సర్వీసు. పళ్లంటే మొహం మొత్తి చాలా కాలమైంది. అలాంటిదాన్ని, నలభై ఆరేళ్ల వయసులో ఒక బెర్రీ మీద మనసు పారేసుకున్నాను. నవ్వేవాళ్లు నవ్వండి.

దానికి నంబరే తప్ప పేరు లేదు. రాస్ప్‌బెర్రీనీ బ్లాక్‌బెర్రీనీ సంకరం చేస్తే పుట్టింది. బొటనవేలంత పండు, ఎండిన నెత్తురు రంగు. ముందు పులుపు తగిలేది, ఆ వెనకే తీపి. కోసిన గంటకే నీరుగారిపోయేది కాబట్టి దుకాణాల వాళ్లెవరూ ముట్టుకోలేదు. మా పనివాళ్లందరూ దాన్ని అలకమ్మ అనేవారు. నేను మాత్రం పొద్దున్నే పనిలోకి రాగానే ముందు దాని దగ్గరికే వెళ్లేదాన్ని. "మొగుణ్ణి కూడా ఇంత బాగా చూసుకుని ఉండవు" అని సూపర్‌వైజరు ఎకసెక్కమాడాడు. నిజమే, చూసుకోలేదు.

ఆ ఏడు నర్సరీలో వైరస్ తెగులు పడింది. రాస్ప్‌బెర్రీ ఆకులు ముడుచుకుపోయాయి, పండు పట్టుకుంటే పొడిపొడిగా రాలింది. ఆ మడుల్లో ఉన్న ప్రతి మొక్కనీ పీకి తగలబెట్టమని ఉత్తర్వు వచ్చింది. అలకమ్మ మీద ఒక్క మచ్చ లేదు. సూపర్‌వైజరు కాళ్లావేళ్లా పడ్డాను.

"దానికే జబ్బూ లేదండీ. ఎలా నవనవలాడుతోందో చూడండి!"

"కనపడకపోతే లేనట్టా? కొన్ని రకాలు తెగులు మోస్తాయి, వాటికేం కాదు. పక్కవాటికి అంటిస్తాయి. పాతికేళ్ల నుంచి చేస్తున్నావు, నీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. నాకు తెలుసు.

గింజ నాటితే అలకమ్మ మళ్లీ పుట్టదు, తల్లిదండ్రుల్లో ఎవరి పోలికో వస్తుంది. కొమ్మ కొస వంచి మట్టిలో తొక్కితేనే అచ్చంగా అదే మొక్క లేస్తుంది. నేను అలా తొక్కిన నేలంటు ఒకటి అప్పటికే వేళ్లు పోసుకుని ఉంది. మంట పెట్టకముందే దాన్ని కత్తిరించి, తడిగోనెలో చుట్టి, భోజనం సంచీలో పెట్టుకుని బయటపడ్డాను. కంచే చేను మేస్తే ఆపేదెవరు?

నాది మూడో అంతస్తులో ఎండ పడని గది. అందుకని అక్క దగ్గరికి తీసుకెళ్లాను. అక్కకి అరెకరం రాస్ప్‌బెర్రీ తోట ఉంది. బావ పోయాక ఆమెకి అన్నం పెట్టేది ఆ తోటే. "అరుదైన రకం, ఎవరికీ ఇవ్వకు" అన్నాను. తెగులు సంగతి ఎత్తలేదు. ఆమె వరసలకు నలభై అడుగుల దూరంలో, కంచె వార నాటించాను. రసం పీల్చి తెగులు మోసుకెళ్లే పేనుబంకకి నలభై అడుగులొక లెక్కా? ఏం ఆలోచించి చేశానని అడిగితే, ఏమీ ఆలోచించలేదు.

రెండో వేసవికి కాసింది. అక్క మొదటి పండు నోట్లో వేసుకుని, వెంటనే రెండోది తెంపింది.

"ఏమే, ఇంత రుచి పెట్టుకుని ఇన్నాళ్లూ ఒక్కదానివే తిన్నావా?"

ఆ సాయంత్రం ఇద్దరం కంచె పక్కనే కూలబడి, చేతులూ గడ్డాలూ ఎర్రగా చేసుకున్నాం. అంత సంతోషంగా ఉన్న రోజులు నా బతుకులో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మూడో వేసవికి ఆమె తోటలో ఆకులు ముడుచుకున్నాయి. నీళ్లు చాలడం లేదనుకుని అక్క పొద్దూ మాపూ పెట్టింది. చెబుదామని మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ ఎరువు గురించి ఏదో సలహా ఇచ్చి ఊరుకున్నాను. చెబితే అలకమ్మని పీకేస్తుంది. నా భయం అదీ, అక్క తోట పోతుందని కాదు.

ఇన్‌స్పెక్టరు వచ్చి ఆకులు పరీక్షకి పట్టుకెళ్లాడు. వారం తర్వాత ఫలితంతో వచ్చాడు. అన్ని వరసల్లోనూ తెగులే. కంచె వార నిండుగా కాసిన మొక్క ముందు ఆగాడు.

"మూలం ఇదే. ఎక్కడిదమ్మా?"

అక్క నా వైపు చూసింది. చిన్నప్పటి నుంచీ నా దొంగతనాలన్నీ ఆమెకి నా ముఖంలోనే దొరికేవి. తెగులు మొక్కని నర్సరీ దాటించిన మనిషికి ఉద్యోగం పోతుంది, జైలు కూడా పడుతుంది. అదీ ఆమెకి తెలుసు.

"రోడ్డు పక్కన ఎవరో అమ్ముతుంటే కొన్నానండీ."

"ఊరూ పేరూ లేని మొక్క నాటి తెగులు తెస్తే తోటంతా పీకెయ్యాలి, పదేళ్లు ఈ నేలలో బెర్రీ వెయ్యడానికి లేదు. తెలుసా?"

"ఇప్పుడు తెలిసింది."

నేను పక్కనే ఉన్నాను. నోట్లో నాలుక ఉంది. కదపలేదు.

ఆయన వెళ్లాక అక్క పార తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీ చేత్తోనే పీకు" అంది. వేళ్లు లోతుకు పాకాయి, చాలాసేపు పట్టింది. పడిపోయిన కొమ్మల నిండా పళ్లు. అక్క అటు తిరగగానే ఒకటి తెంపి నోట్లో వేసుకున్నాను. అంతలోనే ఆమె ఇటు తిరిగింది.

"బాగుందా?" అని అడిగింది.

బాగుంది. పాపిష్టిదాన్ని, చాలా బాగుంది. ఆ ఒక్కసారికి అబద్ధం చెప్పలేక తల ఊపాను. ఆరేళ్లయింది. అక్క నాతో మాట్లాడిన ఆఖరి మాట అదే.