అవతలి కొండ

ఎవాంథియా భర్త చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. నాలుగూ పొడుగు చేతులవే. పొట్టి చేతులవి వేసుకెళ్తే ఆ కొండ మీద సన్యాసులు మొహం చిట్లిస్తారట. ఏటా మే నెలలో స్ట్రాటిస్ పడవెక్కి, సముద్రం అవతల క్రైస్తవ మఠాలున్న పవిత్ర పర్వతానికి వెళ్ళి నాలుగు రోజులుండి వస్తాడు. ఆడవాళ్ళకు అక్కడ ప్రవేశం లేదు. ఆడ మేకను కూడా రానివ్వరు.

ఇరవై రెండేళ్ళుగా ఆ సంచి సర్దేది ఆమే. అతను తిరిగొచ్చాక ఆ వెలిగిపోయే మొహం చూడలేక వంటింట్లోకి తప్పుకునేదీ ఆమే. "ఆ అడవిలో నడుస్తుంటే నేనన్నవాణ్ణే లేకుండా పోయాను ఎవాంథియా. చెప్తే నీకర్థం కాదులే," అంటాడు. అర్థం కాకేం? తనకూ అలా లేకుండా పోవాలనే ఉంటుంది. తాను లేకుండా పోతే అద్దె గదుల్లో దిగినవాళ్ళకు దుప్పట్లు మార్చేదెవరు, అత్తగారి మోకాళ్ళకు మందు రాసేదెవరు? నాకూ చూడాలని ఉందని ఒకసారి నోరు జారితే అత్తగారు కల్లిరోయి కిసుక్కున నవ్వింది. "మగాళ్ళకి దేవుడు కొండ మీద కనబడతాడమ్మాయ్. మనకి వంటింట్లో కనబడతాడు." ఇన్నేళ్ళ వంటింట్లో ఎవాంథియాకు జిడ్డు పెనాలు తప్ప మరేమీ కనబడలేదు.

అసూయ. దానికి ఆమె వేరే పేరు పెట్టుకోలేదు. మొగుడు మరో ఆడదాని వెంట పడితే ఊరంతా తన పక్షాన మాట్లాడేది. కొండను చూసి కుళ్ళుకుంటున్నానని ఎవరితో చెప్పుకుంటుంది? దండెం దగ్గర నిలబడితే ఎదురుగా నీలంగా అదే కనబడుతుంది. అన్నిటికన్నా పెద్ద దుప్పటిని కావాలనే దానికి అడ్డంగా ఆరేసేది.

ఈసారి తిరిగొచ్చి, కాఫీ తాగుతూ తాగుతూ స్ట్రాటిస్ కళ్ళు తుడుచుకున్నాడు. ఆఖరి సాయంత్రం అందరూ మఠం గోడ మీద కూర్చున్నారట. సముద్రానికి ఇటువైపు ఒక కొండ వెనక్కి సూర్యుడు దిగుతున్నాడట. కొండంతా ఎర్రబడిపోతే ముసలి సన్యాసులు సైతం మాట మానేశారట.

"ఏ కొండ?" అంది.

"ఏదేముంది, ఇదే. మనింటి వెనకాలది."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఇరవై రెండేళ్ళుగా సరిగ్గా ఆ వేళకే, ఆ కొండకు వీపు పెట్టి దుప్పట్లు మడతేస్తోంది. దాన్ని కూడా అతనే ముందు చూసేశాడు.

మర్నాడు సాయంత్రం దుప్పట్లను దండెం మీదే వదిలేసి బయల్దేరింది.

"భోజనాల వేళకి ఎక్కడికే?" అంది అత్తగారు.

"కొండెక్కుతాను అత్తయ్యా. వంట స్ట్రాటిస్ చూసుకుంటాడు."

పైకి చేరేసరికి పైన్ చెట్ల బెరడూ, రాళ్ళూ, తన చేతులూ అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. ఏదో ప్రార్థన మొదలుపెట్టబోయి మరిచిపోయింది. మోకాళ్ళు వాటంతటవే వంగాయి. తాను ఎవరి భార్యో, కింద ఏ పని మిగిలిపోయిందో చాలాసేపు గుర్తు రాలేదు.

ఎక్కడో కిందనుంచి అత్తగారి కేక వినబడింది. ఎవాంథియా లేవలేదు. అవతల ఆ గోడ మీద ఈవేళ కూడా మగవాళ్ళు మాట మానేసి ఇటే చూస్తూ ఉంటారు. వాళ్ళు చూస్తున్న ఆ ఎరుపు మధ్యలో ఒక ఆడది కూర్చుని ఉంది.