ఇద్దరికీ మందు

"మామకు పుక్కిలించ నీళ్లిచ్చినవా పిల్లా?" అని అత్త కేక. ఇచ్చాను. ఇన్‌హేలర్ పీల్చిన ప్రతిసారీ ఇస్తూనే ఉన్నాను. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మా మామ రాయమల్లుకు ఊపిరాడదు. పీల్చాక నోరు కడుక్కోకపోవడంతో పోయినేడు నాలుకంతా తెల్లగా పూసింది. ఆ పూటే ఆటో పిలిచారు, దవాఖానకు తీసుకెళ్లారు, మందు తెచ్చారు, పుక్కిలింత నీళ్ల డ్యూటీ నాకు వేశారు. మంచిదే. పెద్దమనిషి, ఎందుకు చూడకూడదు?

ఇప్పుడు అలాంటి పూతే నా బిడ్డ నోట్లో. హర్షిణికి మూడో నెల. మొదట పాల మరక అనుకున్నాను. తడిగుడ్డతో తుడిస్తే పోలేదు. నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు తునకల్లా అంటుకుంది. అత్త సమ్మవ్వ తేనెలో వెలిగారం రంగరించి, వేలికి గుడ్డ చుట్టి రుద్దింది. గుడ్డకు నెత్తురంటింది. "మేం గిట్లనే సాదినం బిడ్డలను" అంది. అప్పుడు గానీ దవాఖాన గుర్తుకు రాలేదు.

అత్తా, నా భర్త వీరేందరూ పిల్లను తీసుకెళ్లారు. నేనూ వస్తానంటే, "నువ్వొస్తే మామకు బువ్వెవరు పెడ్తరు?" అన్నారు. చుక్కల మందు తెచ్చారు. వేస్తే తగ్గింది, మళ్లీ వచ్చింది. మళ్లీ వాళ్లే వెళ్లారు. మళ్లీ చుక్కలు, మళ్లీ పూత.

మరి నా సంగతి? పిల్ల నోరు పెట్టగానే రొమ్ములో ఎవరో కారం నూరినట్టు మంట. చనుమొనలు ఎర్రగా కమిలిపోయాయి. వీరేందర్‌కు నైట్ షిఫ్టు, పగలు పడుకుంటాడు. రెండు గదుల క్వార్టర్‌లో పిల్ల ఏడవకూడదు, నేను అసలే ఏడవకూడదు. అందుకే పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని పాలిస్తాను. ఒకరోజు ధైర్యం చేసి అతనికి చెబితే అటు తిరిగి పడుకుంటూ, "పాలిచ్చే ఆడోళ్లందరికి ఉండేదే గదనే. నువ్వొక్కదానివే కన్నవా?" అన్నాడు. అందరికీ ఉంటే నొప్పి నొప్పి కాకుండా పోతుందా?

నిన్న అత్త తీర్పు చెప్పేసింది. "నీ పాలే మంచిగ లెవ్వు. రేపటి సంది డబ్బా పాలు పోస్త. రొమ్ము మాన్పియ్యి." మంట కంటే ఆ మాటే ఎక్కువ మండింది. మాన్పిస్తే నా బాధ పోతుంది, నిజమే. కానీ కళ్లు తెరవకుండానే నా వాసన పట్టి నావైపు తిరిగే పిల్లను ఎట్లా దూరం పెట్టను? రేపు పెద్దయ్యాక, మీ అమ్మ పాలు చెడ్డవని దానికే చెప్తారు.

ఇవాళ అన్నం వండి మూతపెట్టి, పిల్లను ఎత్తుకుని బయటపడ్డాను. "యాడికే? చెప్పకుంట పోతవా?" అని వెనక అత్త అరుస్తోంది. నిలబడితే మళ్లీ కదలలేనని తెలుసు. నిలబడలేదు.

దవాఖానలో డాక్టర్ సంధ్యారాణి పిల్ల నోరు చూసి, "నీకేమన్న మంటుందా?" అని అడిగింది. ఇన్నాళ్లకు ఒక మనిషి అడిగింది. ఏడుస్తూనే తలూపాను. ఆమె తెర లాగి నన్నూ చూసింది.

"పాలకేం కాలేదమ్మా. ఇదొక రకం బూజు. పిల్ల నోట్లెకెల్లి నీకు, నీకెల్లి పిల్లకు. ఒక్కరికే మందేస్తే ఇంకొకరి దగ్గర్నుంచి మళ్లొస్తది. ఇద్దరికి ఒక్కసారే వెయ్యాలె. దానికి చుక్కలు, పాలిచ్చినంక నీకు ఈ ట్యూబు. పూత పోయిందని మధ్యల ఆపొద్దు. రుద్దొద్దు, తేనె అసలే పెట్టొద్దు. పాలు మాన్పకు." పాత చీటీ తిరగేసి, "ఇదివరకు పిల్లనొక్కదాన్నే తెచ్చిన్రట గద. నువ్వెందుకు రాలే?" అంది.

"వంట ఉండె మేడమ్" అన్నాను. అంతకన్నా చెప్పడానికి ఏముంది?

ఇంటికొచ్చేసరికి అత్త డబ్బా పాలు కలిపి, సీసా పట్టుకుని నిలబడింది. వీరేందర్ నిద్ర లేచి మందుల సంచి విప్పాడు. ట్యూబు బయటికి తీసి, "ఇదెవరికి?" అన్నాడు.

"నాకు."

"నీకెందుకే? రోగం పిల్లకు గద!"

నేను మంచం మీద, అతని ఎదురుగానే కూర్చుని పిల్లను ఒళ్లోకి తీసుకున్నాను. మంట అట్లాగే ఉంది. మాట మాత్రం వణకలేదు.

"నన్ను ఇంట్ల ఇడిచిపెట్టి పోయిన్రు, అందుకే తగ్గలే. నాకు మానకుంటే దీనికి మానదు. రేపటి సంది బిడ్డకెట్లున్నదని అడిగేముందు, నాకెట్లున్నదో అడుగు. అడగకుంటే బిడ్డ సంగతి చెప్పను."