తలుపు మీది భోజనం

పరుగు సాధన అవగానే జట్టులోని పిల్లలంతా తిన్నగా మెస్‌కు పోతారు. జనాయా మాత్రం బూట్ల లేసులు విప్పి, కట్టి, మళ్లీ విప్పుతూ కూర్చుంటుంది.

"ఏంటే, ఆ బూట్లతో కాపురమా? రా, తిందాం," అని బ్రియెల్ రోజూ వెక్కిరిస్తుంది.

"నువ్వు పద, నాకు ఆకలి లేదు."

బ్రియెల్‌ది పూర్తి స్కాలర్‌షిప్. చదువు, గది, పుస్తకాలు, మూడు పూటలా తిండి, అన్నీ కాలేజీవే. జనాయాది ఫీజు వరకే. ఒకే రంగు జెర్సీ, ఒకే ట్రాక్. తేడా మెస్ గుమ్మంలోనే తెలుస్తుంది. అక్కడ జనాయా కార్డు గీస్తే ఎర్రదీపం వెలిగింది. ఒక్కసారి చాలు, మళ్లీ గీయలేదు. అద్దెగదిలో పొద్దున్నా రాత్రీ నూడుల్సే.

తప్పెవరిదని చెప్పగలం? స్కాలర్‌షిప్ అన్న మాట వినగానే అలబామాలో అమ్మమ్మ ఓర్లీన్‌కు కాలు నేల మీద నిలవలేదు. ఆ ఆదివారానికల్లా చర్చి ముందు బోర్డు మీద "మన జనాయాకు ఫుల్ స్కాలర్‌షిప్" అని ఎక్కించేశారు. అంతమంది చప్పట్లు కొడుతుంటే కాదని చెప్పడానికి పిల్లకు నోరు పెగల్లేదు.

ఇక చెప్పక తప్పదు. వచ్చే నెల అద్దెకు దారి లేదు, చదువు మానుకుని ఇంటికి పోవడమే. ఆదివారం మధ్యాహ్నం మెస్ మెట్ల మీద కూర్చుని ఫోన్ చేసింది.

"అమ్మమ్మా, నీకొకటి చెప్పాలి."

"ముందు నా మాట విను తల్లీ! కాలేజీ పిల్లలకని ఇవాళ చర్చిలో చందా పోగేశారు. పాస్టరుగారు నీ పేరే ఎత్తారు. నేను లేచి, మా పిల్లకి కాలేజీవాళ్లే అన్నీ చూసుకుంటున్నారండీ, టాలివర్ గారమ్మాయికివ్వండి, పాపం దానికి ఫీజొక్కటే ఇచ్చారంట, అన్నా. ఒకటే చప్పట్లు! నా జన్మలో అంత తలెత్తుకుని నిలబడలేదనుకో."

జనాయాకు ఏడుపొచ్చింది. ఇంత పెద్ద కాలేజీలో తనకెవరూ లేరనిపించింది.

"మంచి పని చేశావు అమ్మమ్మా."

"నువ్వేదో చెప్పాలన్నావు?"

"ఏం లేదు, ఊరికే."

"అయితే ఇవాళేం పెట్టారో చెప్పు. వింటే నాకే కడుపు నిండుద్ది."

జనాయా లేచి, తలుపు అద్దానికి అంటించిన ఆ పూట వంటకాల కాగితం ముందు నిలబడింది. లోపల బ్రియెల్ తన పళ్లెంలోకి వంగి తింటోంది.

"వేయించిన కోడి, మొక్కజొన్న రొట్టె, చిక్కుడు గింజలు..."

"మొహమాటపడకే. మారు అడిగి పెట్టించుకో."

"అలాగే అమ్మమ్మా," అంది జనాయా.