కోడికాళ్ల మాస్టారి కుర్చీ

ఆస్పత్రిలో పెద్ద డాక్టర్ని అందరూ చాటుగా కోడికాళ్ల మాస్టారు అనేవాళ్లు. అనరూ మరి? చేతులకు వణుకు పట్టుకుని ఆపరేషన్లు మానుకున్నాక, ఆయన కుర్ర సర్జన్లను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, మాంసం కొట్టు నుంచి తెప్పించిన కోడికాళ్లలో రక్తనాళాలు కుట్టించేవాడు. దారం వెంట్రుకకన్నా సన్నం. ఆ కుట్టు కుదిరేదాకా మనిషి మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. ఈ బడి మొదలయ్యాక, తెగితే అతికించిన వేళ్లు నల్లబడి పాడైపోవడం బాగా తగ్గింది. ఆయనకు సంతోషమే. కానీ ఆపరేషన్ థియేటర్లో సర్జన్ కూర్చునే ఆ కుర్చీ! ఒక్కసారి మళ్లీ అందులో కూర్చోవాలని ప్రాణం కొట్టుకుపోయేది.

ఆ రోజు రంపం కింద బొటనవేలు తెగిన వడ్రంగి వచ్చాడు. కుర్చీలో ఆయన శిష్యురాలు కూర్చుంది. పిట్టంత మనిషని ఆయనే పిచ్చుక అని పేరు పెట్టాడు. మనిషి మీద ఆమెకదే మొదటిసారి. ఆయన పక్కన నిలబడి, మైక్రోస్కోపు కింద పడే కుట్లను టీవీ తెర మీద చూస్తున్నాడు.

మొదట్లో కుట్లు ముచ్చటగా పడ్డాయి. తర్వాత సూది నాళం ముందు గోడతోపాటు వెనక గోడనూ పట్టేసింది. ముడి పడిందా, రక్తం దారి మూసుకుపోతుంది. వేలు దక్కదు. "లే, నేను కుడతా" అన్న మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. పాడు చేతులు, అప్పుడూ వణుకుతూనే ఉన్నాయి. చంకల్లో దాచుకున్నాడు.

"అమ్మాయ్..." అనబోయాడు.

అంతలో ఆమే ఆగింది. "సార్, వెనక గోడ పట్టేశాను. తీసేసి మళ్లీ కుడతా."

"తొందరేం లేదమ్మా. కాస్త ఊపిరి పీల్చుకో."

మళ్లీ కుట్టింది. రక్తం రాకుండా నాళానికి పెట్టిన క్లిప్పులు తీసింది. పాలిపోయిన వేలు మెల్లగా ఎర్రబడింది. పిచ్చుక వలవలా ఏడ్చేసింది. ఆయన కళ్లూ చెమర్చాయి, కానీ అందులో సంతోషం సగమే.

మర్నాడు వార్డులో, కట్టులోంచి తొంగిచూస్తున్న ఆ వేలి కొసను ముట్టుకున్నాడు. వెచ్చగా ఉంది. వదలబుద్ధి కాలేదు.

"మీరే కుట్టారా సార్?" అన్నాడు వడ్రంగి.

ఔననేద్దామనిపించింది. వెంటనే సిగ్గేసింది.

"నేను కాదయ్యా. మా పిచ్చుక."

"మీ చెయ్యేంటి సార్, ఇలా వణుకుతోంది? జ్వరమా?"

"జ్వరం కాదయ్యా, బెంగ," అన్నాడాయన, వేలి మీంచి చెయ్యి తీయకుండానే.