చెవి మీద పెన్సిలు

కంప్యూటర్లో కొత్త ఫైలు తెరవగానే సుగుణ ముందు కొలతలు చూసుకుంది. అడుగులు, అంగుళాలు. నేర్చుకునే రోజుల్లో ఒకసారి ఇది చూడకుండా మిల్లీమీటర్లలో గీసేస్తే, రెండు గదుల ఇల్లు అగ్గిపెట్టెలో పట్టేంత అయి కూర్చుంది. మడతపెట్టిన రుమాలును మణికట్టు కిందికి జరుపుకుని గోడలు లేపింది. ఒక్కో గోడ పూర్తికాగానే దాన్ని గ్రూపు చేసింది. అలా చెయ్యకుండా వదిలేస్తే పక్కన గీసిన మెట్లు గోడకు అంటుకుపోతాయి. తరువాత మెట్టు జరపబోతే గోడ కూడా వంకరపోతుంది.

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ పక్కన, టైర్ల దుకాణం మీద ఉంది సీమోను సార్ ఆఫీసు. ఫ్లైఓవర్ మీద బస్సు పోయినప్పుడల్లా ట్యూబులైటు వణుకుతుంది. సీమోను బోర్డు మీద కాగితం పరిచి ప్లాన్లు గీసిన కాలం మనిషి. కంప్యూటర్లో ఆయనకు వచ్చినవి మూడే: తెరవడం, తుడిచెయ్యడం, తుడిచింది వెనక్కి తెచ్చుకోవడం. మిగతాదంతా సుగుణ చేస్తుంది. ముప్పై దాటని బక్కపలచటి మనిషి, గోడవైపు తిరిగి కూర్చుంటుంది. టీ తెచ్చే అతను కూడా ఆమె గ్లాసు మరిచిపోతుంటాడు.

తెర మధ్యలో, కొత్త ఫైలుతోపాటే వచ్చిన మనిషి బొమ్మ నిలబడి ఉంది. కట్టబోయే ఇంటి ఎత్తు తెలియడానికి సాఫ్ట్‌వేర్ పెట్టే బొమ్మ అది. చాలామంది మొదట దాన్నే తీసేస్తారు. సుగుణ తియ్యదు.

ఆమె అన్న ఎల్లేష్ మేస్త్రీ. పురానాపూల్‌లోని ఒంటి గదిలోకి పాత కంప్యూటరు మోసుకొచ్చింది అతనే. రాత్రి అన్నం తిని చెల్లెలి వెనక కూర్చుని చూసేవాడు. చెవి మీద చదునైన ఎర్ర పెన్సిలు ఉండేది. ఆలోచన వస్తే దాని కొన కొరికేవాడు.

"ఇల్లే లేదు, మనిషెట్లొచ్చిండే? గాయినె మేస్త్రీనా?"

"ఎత్తు తెల్వనీకి అన్నా."

"గట్లయితె తియ్యకు. ఉండనియ్ పాపం, కట్టెటోడు కూడ మనిషే కద."

బిల్డర్ ప్రేమ్‌రాజ్ దగ్గర ఎల్లేష్ ఏళ్ల తరబడి పనిచేశాడు. రెండేళ్ల కింద ఆయన కట్టిస్తున్న భవనంలోనే ఐదో అంతస్తు బాల్కనీ నుంచి పడిపోయాడు. అక్కడ రెయిలింగ్ లేదు. అడ్డంగా ఒక వెదురు బొంగైనా కట్టలేదు. తెల్లారేసరికి రెయిలింగ్ బిగించేశారు. పోలీస్ స్టేషన్లో ప్రేమ్‌రాజ్, "వీడెవడో నాకు తెల్వద్సార్. తాగొచ్చి ఎక్కినట్టున్నడు" అన్నాడు. పేపర్లో నాలుగు లైన్లు వేశారు: గుర్తు తెలియని వ్యక్తి మృతి. అమ్మ చంద్రమ్మ ఆయన కాళ్లు పట్టుకుని, "నా కొడుకు పేరన్న చెప్పు సేటూ" అని ఏడ్చింది. ఆయన ఫోను చూసుకుంటున్నాడు. అమ్మ వెనక నిలబడిన సుగుణ ఆయన్ని చూసింది. ఆయన సుగుణను చూడలేదు.

ప్రేమ్‌రాజ్ కట్టే భవనాల బొమ్మలన్నీ సీమోను ఆఫీసులో తయారవుతాయని తెలిశాకే ఆమె ఇక్కడ పనికి చేరింది. అప్పటినుంచి ఆయన వచ్చినప్పుడల్లా కుర్చీ వెనక నిలబడి, యాలకుల వాసన ఊపిరితో, "గా గోడ జర బయటికి గుంజమ్మా" అంటాడు. ఆమె గుంజుతుంది. ఆయన ఒక్కనాడూ ఆమె పేరు అడగలేదు. ఒకసారి కీబోర్డు పక్కనున్న ఎర్ర పెన్సిలు తీసి ఏదో కొలత గీసుకున్నాడు. దాని కొన మీది పళ్ల గాట్లు వేలికి తగిలి, మొహం చిట్లించి అవతల పడేశాడు. సుగుణ దాన్ని తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ ఎప్పటి చోటే పెట్టుకుంది. ఆ పూటంతా పళ్లు బిగించే పనిచేసింది.

ఆ మర్నాటినుంచి మధ్యాహ్నం అన్నం తిన్నాక మిగిలిన కాసేపూ ఒక మనిషిని తయారుచెయ్యడం మొదలుపెట్టింది. వాలు భుజాలు, కుడిచేతికి మాత్రమే మడిచిన చొక్కా, మెడలో గళ్ల తువ్వాలు, ఎడమ చెవి మీద ఎర్ర పెన్సిలు. అన్న ఫోటోలోని మొహాన్ని తీసి అతికించింది. వేరే ఫైల్లో దాచింది. ఎప్పుడు, ఎక్కడ పెట్టాలో తెలియలేదు. తొందర కూడా పడలేదు.

పదకొండు గంటలప్పుడు సీమోను ఫోను పెట్టేసి అన్నాడు. "సుగుణా, ప్రేమ్‌రాజ్ సేటు చేసిండు. పొద్దుమీకి ఫ్లాట్ కొనెటోళ్లను తోల్కొస్తడట. బాల్కనీలు బోసిగున్నయట, మనుషుల్ని పెట్టమంటుండు."

ఆమె చెయ్యి మౌసు మీద ఆగిపోయింది.

"ఎవర్ని పెట్టాలె సార్?"

"ఎవర్నన్న పెట్టు. ఊకె నిలవడ్డట్టు."

ప్రేమ్‌రాజ్ కొత్త భవనం ఫైలు తెరిచి, పెద్ద మార్పు చేసే ముందు ఎప్పుడూ చేసినట్టే దాన్ని ఇంకో పేరుతో దాచుకుంది. భవనంలోని రెయిలింగులన్నీ ఒకే అచ్చు. ఈ పనిలో దాన్ని కాంపోనెంట్ అంటారు. ఒకదాని లోపల ఏం మార్చినా అన్నీ మారతాయి. ఒక రెయిలింగును తెరిచి, దాని లోపల అన్నను నిలబెట్టి, అతని చెయ్యి కమ్మీ మీద ఆనించి మూసేసింది. రెప్పపాటులో ప్రతి బాల్కనీలో ఎల్లేష్ నిలబడ్డాడు. ఇక అతన్ని పంపించాలంటే రెయిలింగునూ పంపించాలి. ఆమె కావాలనే అలా చేసింది.

ఆ రోజు చింతకాయ తొక్కు, అన్నం మహా రుచిగా అనిపించాయి. గిన్నె ఖాళీ చేసి వేళ్లు కూడా నాకింది.

సాయంత్రం ప్రేమ్‌రాజ్ వెంట ఆదిశేషయ్య, ఆయన భార్య బాలత్రిపురసుందరి వచ్చారు. కాకినాడవైపు నుంచి వచ్చి ఇక్కడే సర్కారు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి ఆయన. గోడకున్న పెద్ద టీవీలో సుగుణ భవనాన్ని చూపించింది. ముందు కార్లు ఆగే చోటు, తరువాత మెట్లు, ఆ తరువాత నెమ్మదిగా ముందువైపుకు తిప్పింది.

బాలత్రిపురసుందరి కళ్లజోడు సర్దుకుంది. "ఏమండీ, చూశారూ? కిందా పైనా అన్ని వాటాల్లోనూ ఆ అబ్బాయే! మనం కొంటే మనింట్లోనూ ఉంటాడా ఏంటి?"

"ఉండనీవే, కూరలు తెచ్చిపెడతాడు" అన్నాడు ఆదిశేషయ్య.

ప్రేమ్‌రాజ్ పెద్దగా నవ్వుతూ టీవీ దగ్గరికి వచ్చాడు. సుగుణ మౌసు చక్రం ముందుకు తిప్పింది. ఐదో అంతస్తు దగ్గరకొచ్చింది. కమ్మీ, చెయ్యి, మొహం. ఆయన నవ్వు సగంలో తెగిపోయింది.

"గీ ఎల్లేష్‌గాణ్ని ఈడ ఎవడు పెట్టిండు?"

ట్యూబులైటు వణికింది. ఫ్లైఓవర్ మీద బస్సు పోయింది.

"ఎల్లేష్ ఎవరండీ?" అంది బాలత్రిపురసుందరి.

"ఎవడో... మా పాత మేస్త్రీ అమ్మా. మా దగ్గర పన్జేసెటోడు."

సుగుణ కుర్చీ తిప్పింది. "పన్జేసెటోడా సార్? స్టేషన్ల తెల్వదన్నరు కద. తాగొచ్చి ఎక్కినోడన్నరు."

ప్రేమ్‌రాజ్ మొదటిసారి ఆమె మొహం చూశాడు. "నువ్వెవరు?"

"ఎల్లేష్ చెల్లెను. మా అమ్మ మీ కాళ్లు పట్టుకున్ననాడు ఎనకాల్నే నిలవడ్డ." ఆమె దంపతులవైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "ఇసొంటి బాల్కనీల కెల్లే పడ్డడమ్మా. గప్పుడు రెయిలింగ్ లేకుండె. తెల్లారి బిగించిన్రు."

బాలత్రిపురసుందరి టీవీవైపు ఇంకోసారి చూసి సంచీ చంకకు తగిలించుకుంది. "పదండి."

గుమ్మం దగ్గర ఆదిశేషయ్య ఆగాడు. "ఇల్లు కట్టిన మేస్త్రీనే ఎరగనన్నవారు, రేపు గోడ బీటలిస్తే మమ్మల్ని ఎరుగుదురా, ప్రేమ్‌రాజ్ గారూ?"

వాళ్ల చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది.

"సీమోనూ, వాణ్ని తీసెయ్ ముందు!"

సుగుణ లేచి కుర్చీ ఇచ్చింది. సీమోను చెమటపట్టిన వేలితో ఎల్లేష్‌ను నొక్కి తుడిచేశాడు. ఐదో అంతస్తులో ఎల్లేష్ లేడు. రెయిలింగూ లేదు. బాల్కనీ అంచు ఆ రోజు ఉన్నట్టే బోడిగా, గాలిలోకి తెరుచుకుని ఉంది. ప్రేమ్‌రాజ్ ఆ అంచునే చూస్తూ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"రెయిలింగెందుకు తీసినవ్?"

"నేన్ తియ్యలే సేట్. ఆయిన్ని తీస్తె అది గూడ పోతుంది."

"పెట్టు. మళ్ల పెట్టు!"

సీమోను తుడిచింది వెనక్కి తెచ్చాడు. ఎల్లేష్ వచ్చి కమ్మీ మీద చెయ్యేసి నిలబడ్డాడు.

సుగుణ గిన్నె సంచీలో పెట్టుకుంది. రుమాలు తీసుకుంది. పెన్సిలును ముట్టుకోలేదు.

"సుగుణా, రేపు..." అన్నాడు సీమోను, తెరమీదనుంచి కళ్లు తిప్పకుండా.

"రాను సార్. మా అమ్మకు చెప్పాలె, సేటు పేరు చెప్పిండని."

మెట్లు దిగి, టైర్ల దుకాణం దాటి, పురానాపూల్‌వైపు పోయే బస్సు కోసం జనంలో కలిసిపోయింది. పైన ప్రేమ్‌రాజ్ కుర్చీకోసం వెనక్కి చెయ్యి చాస్తూ టేబుల్ పట్టుకున్నాడు. కీబోర్డు పక్కన, ఆయన వేళ్లకు జానెడు దూరంలో, ఎర్ర పెన్సిలు ఉంది, కొన మీద ఎల్లేష్ పళ్ల గాట్లతో.