అంగుళం పెట్టె

పళ్ళ డాక్టరుకి అక్క దగ్గర పని పడితే ముందు ఆవిడ ఆరోగ్యం అడిగేవాడు. ఆ రోజు మోకాళ్ళు, రక్తపోటు, నిద్ర, మూడూ అడిగాడు. కోరిక పెద్దదే అనుకుంది ఆవిడ.

"నా మోకాళ్ళ సంగతి తరవాత. అసలు విషయం చెప్పరా."

"బావ రాయి ఒక్క వారం ఇస్తావా అక్కా? రాళ్ళ ప్రదర్శనలో పెట్టి తెచ్చేస్తా."

బావ రాయి అంటే గుప్పిట్లో పట్టేంత తెల్లటి గరుకు రాయి. దాని మీద ఒక మూలగా, వడ్లగింజ కంటే కాస్త పెద్దదిగా, ఆరు పలకల ఎర్రటి స్ఫటికం ఒకటి నిలబడి ఉంటుంది. ఆవిడ భర్త గనిలో డ్రిల్లు నడిపేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట కొత్త గనికి వెళ్తూ, కదిలే బస్సు కిటికీలోంచి ఈ రాయి ఆవిడ చేతిలో పెట్టాడు. కాగితం లేక, చెవి మీదున్న పెన్సిలు తీసి రాయి వెనక వైపు రెండే మాటలు రాశాడు: శుక్రవారం వస్తా. గురువారం గని కప్పు కూలింది.

ఆ రాయిని అందరూ ముందు నుంచి చూస్తారు. ఆవిడ తిప్పి చూస్తుంది. పెన్సిలు గీత చెరుగుతుందేమో అని తడి చేత్తో ముట్టుకోదు, ఎండ తగలనివ్వదు. ఊరు వెళ్ళాల్సి వస్తే చీరల మధ్య పెట్టి తాళం వేసి, వీధి చివరి దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి తాళం లాగి చూసుకునేది.

"ఎలా ఇచ్చానో అలా తెస్తావా?" అంది.

"అదేం మాట! అది నా ప్రాణం అక్కా."

ఆ మాటకి ఆవిడకి నవ్వొచ్చింది. ఇదే తమ్ముడు పదేళ్ళ పాటు ఆ రాయి పక్కనే కూర్చుని కాఫీ తాగాడు. ఒకసారి గాలికి కొట్టుకుంటున్న తలుపుకి దాన్ని అడ్డం పెట్టబోతే ఆవిడ కేకలేసింది. తరవాత ఏదో పత్రికలో ఎర్ర బెరిల్ అనే అరుదైన రత్నం బొమ్మ చూశాడు. ఆ సాయంత్రమే భూతద్దం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. అప్పటి నుంచి అది వాడి ప్రాణం. రాయి మారలేదు. అది ఎంతమంది దగ్గర లేదో వాడికి తెలిసింది, అంతే.

అయినా ఇచ్చింది. రక్తసంబంధం కదా, కాదంటే ముఖం మాడ్చుకుంటాడు. ముఖం మాడ్చుకుని గుమ్మం దాటేవాళ్ళని చూడటం ఆవిడ వల్ల కాదు.

రాళ్ళు పోగేసే డాక్టరు గారి మిత్రబృందానికి ఆవిడ పెట్టుకున్న పేరు కంకర సంఘం. పళ్ళ నొప్పితో వచ్చినవాళ్ళు కూర్చునే గదిలో ఆదివారం ఆదివారం చేరేవాళ్ళు. లెక్కల మాస్టారు, సర్వేయరు, ఇంకా ఇద్దరు ముగ్గురు. రాయి అక్కడికి చేరిన ఆదివారం ఆవిడ కూడా వెళ్ళి కూర్చుంది, రాయిని ఒంటరిగా పంపలేక.

"పచ్చకి ఇది సొంత చెల్లెలమ్మా" అన్నాడు మాస్టారు, మూడో తరగతి పిల్లకి చెప్పినట్టు. "పచ్చ చాలా దేశాల్లో దొరుకుతుంది. ఇది ఒకటి రెండు కొండల్లో తప్ప లేదు. నిప్పుకొండ కక్కిన రాయి చల్లారేటప్పుడు ఆవిరి పగుళ్ళలోంచి పోతూ పోతూ వదిలింది ఇది. చిటికెడు మాంగనీసు కలిసి ఈ ఎరుపు!"

"అబ్బ, ఆ ఎరుపు చూడండి" అన్నాడు సర్వేయరు. "మా ఆవిడని చూసి కూడా నేనిలా అనలేదు."

"ఆవిడ కూడా ప్రపంచంలో ఒక్కతే కదా నాయనా" అంది డాక్టరు అక్క. ఎవరూ నవ్వలేదు. రాయి ముందు వాళ్ళు నవ్వరు.

"కానీ ఒకటే లోటు" అన్నాడు మాస్టారు గొంతు తగ్గించి. "రాయి పెద్దది, స్ఫటికం చిన్నది. పెద్ద రాళ్ళ వరసలో పెడితే ఎవడూ చూడడు. అదే అంగుళం పెట్టెలో పట్టిందనుకోండి, ఆ వరసలో దీనికి ఎదురే లేదు."

అంగుళం పెట్టె అంటే అగ్గిపెట్టె కన్నా చిన్న గాజుడబ్బా. అందులో పట్టే రాళ్ళకి వేరే పోటీ, వేరే బహుమతి. డాక్టరు, అక్క వైపు చూడకుండా, తల ఊపాడు. ఆ చూడకపోవడం ఆవిడ గమనించింది. గమనించి కూడా ఇంటికి వెళ్ళిపోయింది. ఆ వారమంతా నిద్ర లేదు.

ప్రదర్శన హాల్లో గాజు అల్మారాలు, వాటిలో చిన్న దీపాలు, వాటి ముందు చేతులు వెనక్కి కట్టుకున్న మగవాళ్ళు. మరదలు ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని మొదటి వరసకి తీసుకెళ్ళింది. అంగుళం పెట్టెలో ఎర్రగా ఒక మెరుపు. కింద చీటీ మీద తమ్ముడి పేరు మాత్రమే ఉంది.

ఆవిడ గాజుకి ముక్కు ఆనించి చూసింది. ఆ స్ఫటికానికి ఒక పలక మీద వెంట్రుకలాంటి తెల్ల చార ఉంటుంది. అది ఎప్పుడూ ఎడమ వైపు ఉండేది. ఇప్పుడు ఎదురుగా ఉంది.

"ఒరేయ్, ఇది తిరిగిందేంట్రా?"

"నీ కళ్ళజోడు మార్చాలి అక్కా" అన్నాడు డాక్టరు. చెమట తుడుచుకున్నాడు.

జడ్జి గారు వచ్చారు. మూడు సార్లు వంగి చూసి, రెండు సార్లు "ఆహా" అన్నారు. "ఎంత సహజంగా నిలబడింది! ప్రకృతి తప్ప ఇంకెవరూ ఇలా నిలబెట్టలేరు" అని మొదటి బహుమతి ప్రకటించారు. కంకర సంఘం చప్పట్లు కొట్టింది. సర్వేయరు డాక్టరుని కౌగిలించుకున్నాడు.

ఫోటో కోసం పెట్టె మూత తీశారు. ఆవిడ ముందుకెళ్ళి రాయి చేతిలోకి తీసుకుంది.

"అమ్మా! ముట్టుకోకూడదు!" అన్నారు నలుగురు.

ఆవిడ తిప్పి చూసింది. వెనక తెల్లగా, కొత్తగా విరిగిన రాయి. ఇంకేమీ లేదు.

"అక్షరాలేవిరా?"

జడ్జి గారు ఆ కొత్త విరుపు చూశారు, డాక్టరు ముఖం చూశారు. జేబులోంచి అతుకులు పట్టించే ఊదారంగు దీపం తీసి వేశారు. స్ఫటికం చుట్టూ, అది రాయిని అంటుకున్న చోట, పాలపళ్ళలా తెల్లటి గీత వెలిగింది.

"ఇది పళ్ళకి వేసే సిమెంటు లాగుందే" అన్నారు జడ్జి.

జరిగిందేమిటంటే, ప్రదర్శనకి ముందు మర బిగించి రాళ్ళు విరిచే కత్తెరలో పెట్టి రాయిని చిన్నది చేస్తుంటే స్ఫటికం ఎగిరి నేల మీద పడింది. డాక్టరు దాన్ని దొరకబుచ్చుకుని, పన్ను అతికించినట్టే అతికించాడు. ఆరు పలకలూ ఒకేలా ఉంటాయి కనక ఎటు తిప్పినా గుంటలో సరిగ్గా కూర్చుంది. కంకర సంఘం వారమంతా భూతద్దాలతో చూసింది. ఒక్కడికీ తెలియలేదు.

ఇప్పుడు మాత్రం అందరికీ ముందే తెలుసు. "నాకు మొదటి నుంచీ అనుమానమే" అన్నాడు మాస్టారు. సర్వేయరు అప్పటికే పక్క అల్మారా ముందు నిలబడి ఇంకో రాయిని చూసి అబ్బ అంటున్నాడు.

ఇంటికి వెళ్ళే దారిలో కారులో డాక్టరు అన్నాడు. "నలుగురిలో నా పరువు తీశావు. ఒక్క మాట నాతో విడిగా అనుంటే?"

"విరిగిన ముక్కలు ఎక్కడున్నాయి?"

"ఏ ముక్కలు?"

"వెనక వైపు ముక్కలు. రాత ఉన్నవి."

"ఆ పెన్సిలు గీతలా? మరక అనుకున్నానక్కా."

"చదవలేదా?"

అతను గేరు మార్చాడు. మరదలే మెల్లగా అంది, "బల్ల కింద ఊడ్చేశాను వదినా. మంగళవారం చెత్తబండి వచ్చింది."

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. ఏ చెత్తబండి, ఏ గుట్ట, ఎంత లోతు. ఆవిడ బుర్ర ఎప్పటిలాగే భయాలన్నీ వరసగా తీసింది. కానీ అన్నీ అయిపోయాక ఒక వింత సంగతి తోచింది. భయపడటానికి ఇంకేమీ మిగల్లేదు. తాళం వేసుకోవాల్సింది ఏదీ లేదు.

ఇంటి ముందు కారు ఆగింది. డాక్టరు దిగి, తలుపు తీసి, ఆ గాజుడబ్బా ఆవిడకి అందించాడు. "ఇదిగో అక్కా, నీ రాయి. అసలైన ముక్క క్షేమంగానే ఉంది. స్ఫటికానికి ఒక్క గీత కూడా పడలేదు, ఒట్టు."

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. నిజంగానే ఓదారుస్తున్నాడు. ఆ సంగతి మిగతా అన్నిటికంటే నీచంగా అనిపించింది.

"ఉంచుకోరా" అంది. "నీకు కావలసింది అందులోనే ఉంది."

అతని వేళ్ళు వెంటనే మూసుకున్నాయి. ఒక్కసారైనా వద్దనలేదు.