ముందు చెయ్యి పడినవాళ్లదే

వీరదుర్గ గ్లౌజులు తొడుక్కుని మంచం దగ్గరికి వచ్చేసరికి బిడ్డ తల మీద రూతు చెయ్యి పడిపోయింది.

ఆ కాన్పు గదిలో ఒకటే రూలు. ముందు ఎవరి చెయ్యి పడితే కాన్పు వాళ్లది. నర్సింగ్ డిగ్రీ చేతికి రావాలంటే ప్రతి అమ్మాయీ తన చేతులతో కొన్ని కాన్పులు చేసి ఉండాలి. నరసాపురం దారిలో ఉన్న ఆ కాలేజీలో అమ్మాయిలు ఎక్కువ, దాని సొంత ఆసుపత్రికి వచ్చే కాన్పులు తక్కువ. అందుకే నొప్పులతో ఏ ఇల్లాలు వచ్చినా ఆఖరి సంవత్సరం వాళ్లంతా మంచం చుట్టూ మూగేవారు.

రూతుకి మూగాల్సిన పని కూడా లేదు. పేషెంట్లే పేరు పెట్టి పిలిచేవారు. బిడ్డని అందుకున్న అమ్మాయికి పురిటివాళ్లు పూతరేకులు తెచ్చిపెట్టడం అక్కడి ఆనవాయితీ. హాస్టల్లో రూతు పెట్టె మీద ఎప్పుడూ పొట్లం ఉండేది. రూతు అందరికీ పంచేది. దుర్గ ఒక్కతే తినేది కాదు. ఆ పొట్లాల దగ్గరే వాళ్లిద్దరికీ మాటలు పోయాయి.

ఆ మధ్యాహ్నం వచ్చినామె పేరు పాపాయి, లేసు అల్లుకునే మనిషి. బిడ్డ బయటపడగానే తల్లి తొడకి ఇంజెక్షన్ ఇవ్వాలి, లేకపోతే రక్తం ఆగదు. అది పక్కనున్న అమ్మాయి పని. ఆ రోజు పక్కనున్నది దుర్గ. దుర్గ గ్లౌజులు పీకి డబ్బాలో కొట్టి వరండాలోకి వెళ్లిపోయింది. మందు ఎక్కించిన సిరంజి ట్రేలోనే ఉండిపోయింది. బొడ్డు కోస్తున్న రూతు, దుర్గ ఇచ్చేసే ఉంటుందనుకుంది. మాటల్లేవు కనక అడగలేదు.

పక్కదుప్పటి ఎర్రబడింది. పాపాయి తల్లి అప్పాయమ్మ కేక విని దుర్గ వెనక్కి పరిగెత్తింది. రూతు పొత్తికడుపు పట్టి రుద్దుతుంటే దుర్గ ఇంజెక్షన్ పొడిచింది. ఇంకో అమ్మాయి ఓపీలోంచి డాక్టరమ్మని లాక్కొచ్చింది. రక్తం ఎక్కించాక పాపాయి కళ్లు తెరిచింది.

ఆ గదిలో ఉండాల్సిన స్టాఫ్ నర్సు మానేసి చాలా కాలమైంది. చైర్మన్ లోకనాథ్ ఇంకొకరిని వెయ్యలేదు. స్టూడెంట్లున్నారు కదా.

మర్నాడు పొద్దున్నే ఆయన దుర్గని పిలిపించాడు. ఆమె తండ్రి చంద్రరావుని మంచి రైతని మెచ్చుకున్నాడు. కాఫీ తెప్పించాడు.

"మధ్యాహ్నం ఎంక్వయిరీ పెడుతున్నాం. ఇంజెక్షన్ ఆ రూతే మర్చిపోయిందని చెప్పమ్మా. దానికి డిగ్రీ రాదు, అంతే. ఇకమీదట కాన్పులన్నీ నీకు పడేట్టు చూస్తాను. ఎంతైనా నువ్వు మనవాళ్ల పిల్లవి."

దుర్గకి కడుపు చల్లబడింది. బయటికొచ్చి చూస్తే గోడమీద ఉత్తమ విద్యార్థిని బోర్డులోంచి రూతు ఫోటో అప్పుడే పీకేశారు. గమ్ము మరక మిగిలింది. అక్కడ తన ఫోటో ఎలా ఉంటుందో ఊహించుకుంటూ మెస్సులోకి నడిచింది.

మెస్సు రెండుగా చీలి ఉంది. రైతుల పిల్లలు ఒక పక్క, కూలీల ఇళ్లనుంచి, చర్చి హాస్టళ్లనుంచి వచ్చిన పిల్లలు ఇంకో పక్క. తప్పు రూతుదేనని వీళ్లు, మధ్యలో వెళ్లిపోయిన దుర్గదేనని వాళ్లు. మీవాళ్లు, మావాళ్లు అనే మాటలు కూడా వచ్చేశాయి.

రూతుతో గదిలో ఉండే ఆశాజ్యోతి లేచి నిలబడింది.

"చైర్మన్ గారు నీకంటే ముందు రూతుని పిలిచారు దుర్గా. కాఫీ కూడా ఇచ్చారంట. నువ్వు వదిలేసి పోయావని చెబితే దాన్ని గట్టెక్కిస్తానన్నారు. ఇది ఏమందో తెలుసా? నర్సుని పెట్టనిది మీరైతే మా పేర్లెందుకండీ, అంది."

దుర్గకి ఒళ్లు మండిపోయింది. కాన్పుల్లో ఇదే ముందు. ఆఖరికి మంచితనంలో కూడా ఇదే ముందా? చేతిలో కంచం బల్లమీద పెట్టింది.

"అవునే, వదిలేసి పోయాను. కుళ్లుతో పోయాను. మీలో ఎవత్తికి లేదు కుళ్లు? పాపాయి నెత్తురోడుతుంటే కూడా ఈ కాన్పు ఎవరిదని అడిగినవాళ్లున్నారు ఇక్కడ. మనం ఒకళ్ల చేతులవంక ఒకళ్లం చూసుకుంటూ ఉన్నాం. నర్సేదని ఒక్కళ్లం అడగలా. మన కుళ్లుతో ఆయన ఆసుపత్రి నడుపుతున్నాడు."

వెనకనుంచి ఎవరో, డ్యూటీ మానేద్దాం అన్నారు. లోపల నొప్పులు పడుతున్నవాళ్ల మాటేంటని రూతు అడిగింది. చాలాసేపు వాదించుకున్నారు. చివరికి తేలింది. లోపలున్నవాళ్లని వదలకూడదు. జంటలుగా ఉండాలి, చేసిన ప్రతి పనీ పైకి చెప్పుకోవాలి. ఇక ఏ కాన్పూ ఒక్కరిది కాదు. మిగతావాళ్లు గేటు దగ్గర కూర్చుని వచ్చిన ప్రతి ఇంటివాళ్లకీ ఉన్నమాట చెప్పాలి.

మధ్యాహ్నానికి గేటు ముందు తెల్ల యూనిఫాంలు నిండిపోయాయి. ఎంక్వయిరీ ఇక్కడే పెట్టమన్నారు. ఆటో ఆగినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి, లోపల నర్సు లేదండి, మేం ఇంకా చదువుకుంటున్నాం, ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి అని చెప్పారు. ఆటోలు తిరిగిపోయాయి.

పోలీసు వ్యాన్ వచ్చింది. ఆసుపత్రి పనికి అడ్డం పడుతున్నారని, లీడర్ ఎవరో చెప్పమని ఎస్సై అడిగాడు. లోకనాథ్ రూతువైపు వేలు చూపించాడు. కానిస్టేబుల్ రూతుని పిలిచాడు.

దుర్గ అడ్డం వచ్చింది.

"ఎప్పుడూ దాన్నే పిలుస్తారేంటండీ? వదిలేసి పోయింది నేను. ఇక్కడ కూర్చోబెట్టింది నేను. నేను కనబడట్లేదా?"

గేటు దగ్గర నవ్వులు లేచాయి. నవ్వుతూనే ఒకరి వెనక ఒకరు అందరూ లేచారు. రైతుల పిల్లలెవరో, కూలీల పిల్లలెవరో ఎస్సైకి తెలియలేదు. వ్యాన్ నిండిపోయింది. ఇంకా తోసుకుని ఎక్కుతూనే ఉన్నారు.

అప్పాయమ్మ తనతో లేసు అల్లే ఆడవాళ్లని వెంటబెట్టుకుని అప్పుడే వచ్చింది. కిటికీ ఊచల్లోంచి రూతు ఒళ్లో పొట్లం పడేసింది. రూతు పూతరేకు తీసి విరిచి, ఒక ముక్క దుర్గకి చాపింది.

"ఆ పెద్దది ఇటివ్వు" అంది దుర్గ.

వ్యాన్ కదిలింది. వెనక గేటు ముందు ఖాళీ అయిన చోట లేసు అల్లే ఆడవాళ్లు బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. రోడ్డుమీద ఆటో ఒకటి ఆగింది. అప్పాయమ్మ దానికి అడ్డంగా వెళ్లి నిలబడింది.

"లోపల నర్సు లేదమ్మా" అంది. "ఇక్కడ కూర్చున్న పిల్లల్ని పోలీసులు పట్టుకుపోయారు. దిగి మా పక్కన కూర్చుంటారా, పెద్దాసుపత్రికి పోతారా?"

నొప్పులు పడుతున్న పిల్లతో ఆటో వెళ్లిపోయింది. ఆ పిల్ల అత్తగారు మాత్రం దిగి కూర్చుంది.